టీనేజ్ పిల్లలకు ఆపెరా శిక్షణ: అపోహలు - వాస్తవాలు

టీనేజ్ పిల్లలకు ఆపెరా, అంటే కథను పాటలతోనే నడిపే పాశ్చాత్య సంగీత నాటకం, నేర్పడం నా పని. ఆడిషన్లు దగ్గరపడితే పిల్లలకూ తల్లిదండ్రులకూ టెన్షన్ మొదలవుతుంది, దానితోపాటే ఎవరో చెప్పిన మాటలు కూడా ప్రచారంలోకి వస్తాయి. వాటిలో కొన్నింటివల్ల పెద్ద నష్టం ఉండదు. ఒకటి రెండు మాత్రం గొంతును నిజంగానే పాడుచేస్తాయి. ముందు వాటి సంగతి చెబుతాను.

అపోహ: ఎంత గట్టిగా పాడితే అంత మంచి ఆపెరా గొంతు.

వాస్తవం: మైకు లేకుండా చివరి వరుసదాకా వినిపించాలన్నది నిజమే. కానీ అది బలంతో అయ్యే పని కాదు. ఆర్కెస్ట్రా శబ్దంలో ఎక్కువ శక్తి 500 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) ప్రాంతంలో ఉంటుంది, అక్కడినుంచి పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. శిక్షణ పొందిన గాయకుల్లో, ముఖ్యంగా మగ గొంతుల్లో, 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ప్రత్యేకమైన బలం కనిపిస్తుందని స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో కొలిచి చూపించారు. ఆర్కెస్ట్రా తగ్గిన చోట గొంతు నిలబడుతుంది కాబట్టి అది వినిపిస్తుంది. గొంతు, నోరు లోపలి ఆకారాన్ని సర్దుకోవడం వల్ల వచ్చే గుణం అది. రావడానికి ఏళ్లు పడుతుంది.

పదిహేనేళ్ల పిల్లలు దాన్ని అరిచి తెచ్చుకోవాలని చూస్తే ఎదురుగా ఉన్నవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. గడ్డం ముందుకు వస్తుంది, మెడ నరాలు తేలతాయి, శ్రుతి చెదురుతుంది. అప్పుడు పాట ఆపించి, గ్లాసులో కొద్దిగా నీళ్లు పోసి స్ట్రా ఇస్తాను. అదే వరుసను స్ట్రాలోంచి బుడగలు ఊదుతూ కూనిరాగంలా తీయాలి. బుడగలు ఒకే తీరుగా వస్తే ఊపిరి నిలకడగా ఉన్నట్టు. మధ్యలో ఆగితే ఎక్కడ బిగపట్టారో వాళ్లకే తెలుస్తుంది. కాసేపయ్యాక గ్లాసు పక్కన పెట్టి పాడితే చాలాసార్లు స్వరం తేలిగ్గా వస్తుంది.

అపోహ: గొంతు మారే వయసులో పాట మానేయాలి. అయినా అది మగపిల్లల సమస్యే కదా.

వాస్తవం: రెండూ తప్పే. మగపిల్లల గొంతు దాదాపు ఒక పూర్తి స్థాయి (‘స’ నుంచి పై ‘స’ దాకా ఉన్నంత) కిందికి దిగుతుంది. కొన్ని నెలలపాటు హాయిగా పలికే స్వరాలు ఐదారే మిగలొచ్చు. అప్పుడు ఆ ఐదారులోనే పాడించాలి, కావాలంటే పాత్ర శ్రుతి మార్చాలి, ఇంకా కావాలంటే పాత్రనే మార్చాలి. నిన్న పలికిన స్వరం ఈ రోజు పలకలేదని పిల్లవాడిని అందరిముందు మళ్లీ మళ్లీ పాడించడం క్రూరత్వం.

ఆడపిల్లల్లో మార్పు చిన్నది, రెండు మూడు స్వరాల మేర దిగుతుంది. స్వరంలో గాలి ఎక్కువగా కలుస్తుంది, పైస్థాయికి వెళ్లేటప్పుడు మధ్యలో విరుగుతుంది. పైకి అంతగా తెలియదు కాబట్టి ‘సాధన చాలలేదు’ అని తేల్చేస్తారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఆ అమ్మాయికి కావలసింది ఓపిక, తన ఒంట్లో ఏం జరుగుతోందో వివరంగా చెప్పే మనిషి.

అపోహ: ఆడిషన్‌లో ఇటలీ స్వరకర్తలు పుచ్చీనీ, వెర్డీల పెద్ద ఆరియా (ఆపెరాలో ఒక్కరే పాడే పాట) పాడితేనే సీటు.

వాస్తవం: పూర్తి ఆర్కెస్ట్రా మీద పాడే, ఎదిగిన గొంతుల కోసం రాసిన పాటలవి. పాత ఇటాలియన్ గీతం ఒకటి, మాతృభాషలో ఒకటి శుభ్రంగా పాడితే శ్రుతి, ఊపిరి, ఉచ్చారణ, చెప్పింది పట్టుకునే తీరు అన్నీ తెలిసిపోతాయి. నేను వెతికేది చివరిదాన్నే.

అపోహ: ఈ వయసువాళ్లకు తగిన ఆపెరాలు లేవు.

వాస్తవం: ఇంగ్లిష్ స్వరకర్త పర్సెల్ రాసిన ‘డైడో అండ్ ఈనియస్’ 1689 నాటికే లండన్ చెల్సీలోని ఒక బాలికల పాఠశాలలో ప్రదర్శితమైంది. మరో ఇంగ్లిష్ స్వరకర్త బ్రిటెన్ రాసిన ‘నోయీస్ ఫ్లడ్’ 1958లో ఇంగ్లండ్‌లోని ఆర్ఫర్డ్ చర్చిలో తొలిసారి ఆడింది. పెద్దవాళ్లకు మూడు ముఖ్య పాత్రలుంచి మిగతావన్నీ పిల్లలకే ఇచ్చారాయన. వాయిద్యాల్లోనూ పిల్లలే ఎక్కువ, వాన చినుకుల చప్పుడు కోసం వేలాడదీసిన కప్పులను కొట్టేదీ వాళ్లే. పెద్దల ఆపెరాలైన ‘కార్మెన్’ మొదటి అంకంలో, ‘లా బోయెమ్’ రెండో అంకంలో పిల్లల బృందాలు కూడా ఉన్నాయి.

అపోహ: ముందు పాట వస్తే చాలు, భాషా నటనా తర్వాత.

వాస్తవం: తర్వాత అంటే ఇక ఎప్పటికీ రావు. నా దగ్గర ప్రతి మాట కిందా పెన్సిల్‌తో అర్థం రాసుకుని, రాగం లేకుండా మాటల్లా చదివాకే పాట.

అపోహ: కోరస్‌లో (గుంపుగా పాడే బృందంలో) వేస్తే ఏడాది వృథా.

వాస్తవం: పక్కవాళ్ల గొంతు వింటూ, సంగీతాన్ని చేతులతో నడిపించే కండక్టర్‌ను చూస్తూ, నడుస్తూ పాడటం కోరస్‌లోనే వస్తుంది. సోలో పాత్ర వచ్చేనాటికి అవన్నీ కావాలి.

అపోహ: గొంతు బొంగురుపోతే తేనె తాగి పాడేయొచ్చు.

వాస్తవం: మింగినదేదీ స్వరతంత్రులను తాకదు, అది అన్నవాహికలోకి పోతుంది. తేనె వల్ల గొంతు పైభాగానికి హాయిగా అనిపిస్తుంది, అంతే. కావలసింది విశ్రాంతి, రోజంతా తగినన్ని నీళ్లు. బొంగురు రెండు మూడు వారాలు దాటితే చెవి-ముక్కు-గొంతు డాక్టర్‌కు చూపించాలి. ఈలోగా రిహార్సల్‌కు రావచ్చు. కదలికలు చేయాలి, పెదవులు కదపాలి, గొంతు మాత్రం తీయకూడదు. దానికి ఒప్పుకోని శిక్షణ కార్యక్రమంలో మీ పిల్లలను చేర్చకండి.