ప్యాకెట్ ఇచ్చి పరిగెత్తకండి

ప్రియమైన యూత్ పిల్లలకు,

ప్రభువు నామంలో దీవెనలు. శనివారం రాత్రి రోడ్డు పక్కన పడుకునేవాళ్ళకు భోజనాలు పంచే పరిచర్యకు మీరూ పేర్లు ఇచ్చారని పాస్టరు గారు చెప్పారు. కొందరికి టెన్షన్‌గా ఉందట. తాగి ఉంటే? తిడితే? అసలు ఏం మాట్లాడాలి? ఆ భయం మంచిదే. నా బెంగంతా భయం లేనివాళ్ళ గురించే. బండి దిగకుండానే ప్యాకెట్ చేతిలో పెట్టి, సెల్ఫీ తీసుకుని, పది నిమిషాల్లో వీధి ముగించేస్తారు.

ప్యాకెట్ ఎవరైనా ఇస్తారు. ఆ మనిషి పక్కన ఫుట్‌పాత్ మీద చతికిలబడి కూర్చోవడమే కష్టం. కూర్చుంటేనే సంగతులు తెలుస్తాయి. మన విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర పడుకునే ఒక ముసలమ్మ మనవాళ్ళతో, "ఏటి బాబూ, ఎప్పుడూ పులిహోరేనా? పల్లీలు నమలడానికి నాకు పళ్ళేవి?" అంది. చూస్తే, కాగితం మీద పల్లీలన్నీ ఏరి పక్కన పెట్టి ఉన్నాయి. అప్పటినుంచి పెరుగన్నం, అరటిపండు కూడా తీసుకెళ్తున్నాం. మన ఊరి ఉక్కకు పెరుగన్నం ఇట్టే పులుస్తుంది, పాలు ఎక్కువ పోసి కలపమని అమ్మలకు చెప్పండి.

కేజీహెచ్ పెద్దాసుపత్రి గేటు బయట పడుకున్నవాళ్ళందరికీ ఇల్లు లేదనుకోకండి. ఏజెన్సీ నుంచో శ్రీకాకుళం నుంచో రోగిని తెచ్చి, లాడ్జికి డబ్బుల్లేక ఆగినవాళ్ళు చాలామంది. వాళ్ళకు అన్నంతో పాటు ఆసుపత్రి చీటీ చదివిపెట్టే మనిషి కావాలి. స్టేషన్ వైపు ఒడియా, హిందీ వినిపిస్తాయి. 1805లో లండన్ మిషన్ వాళ్ళు సముద్రం దాటి విశాఖలో దిగి, ముందు కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. మీరు మద్దిలపాలెం దాటి జగదాంబ దాకా వస్తే చాలు గానీ, ఒడియాలో "మీ పేరేంటి" అని అడగడమైనా నేర్చుకోండి.

"నైట్ షెల్టర్‌కి వెళ్ళొచ్చుగా" అని మీకు అనిపిస్తుంది. నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. మన కార్పొరేషన్ జీవీఎంసీ షెల్టర్లు ఉన్నాయి కూడా. కానీ తెల్లవారకముందే మార్కెట్లో మూటలు దించే కూలీకి మార్కెట్ అరుగే దగ్గర. తోపుడుబండి వదిలి రాలేనివాడు ఒకడు, భార్యాభర్తలు వేరువేరుగా పడుకోవాల్సి వస్తుందని వెళ్ళనివాళ్ళు ఇంకొందరు. దారి చెప్పండి, బలవంతం చేయకండి.

అన్నంతో పాటు కరపత్రం మాత్రం వద్దు. ఇది కొందరు పెద్దలకు నచ్చదు, తెలుసు. ఆకలితో ఉన్నవాడు దేనికైనా తలూపుతాడు, ఆ తలూపుడు మనకెందుకు? ప్రార్థన చేయమని వాళ్ళే అడిగితే చేయండి. మత్తయి 25లో ప్రభువు తనను ఆకలిగొన్నవాడి చోటే ఉంచుకున్నాడు. తల వాల్చుకోవడానికి చోటు లేదని చెప్పుకున్నదీ ఆయనే. మరి ఆయన్ని మనం కొత్తగా అక్కడికి మోసుకెళ్ళేదేముంది?

ఎవరూ ఒంటరిగా వెళ్ళొద్దు. డబ్బులు ఇవ్వొద్దు. మనిషి పలక్కపోతే 108కి, పిల్లలు ఒంటరిగా కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. ఫోటోల కోసం మాత్రం ఫోన్ బయటికి తీయకండి. తిట్టినవాళ్ళకు కూడా ప్యాకెట్ పక్కన పెట్టి రండి.

మీ తాతయ్య