కలవని పొడిని లోహంలో కలిపిన కథ

సుమారు 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిన అల్యూమినియం మీద సిలికాన్ కార్బైడ్ అనే గట్టి పింగాణీ పొడి చల్లితే, లోహం కన్నా బరువైనదే అయినా అది లోపలికి దిగదు. తామరాకును నీరు అంటనట్టు కరిగిన లోహం ఆ రేణువులను అంటదు. లోహంలో గట్టి రేణువులు లేదా పోగులు పొదిగి చేసే లోహ మాతృకా సంయుక్త పదార్థాల చరిత్రలో పెద్ద భాగం ఈ అంటకపోవడంతో చేసిన పెనుగులాటే.

ఇంత శ్రమ ఎందుకంటే, అల్యూమినియం తేలికే కానీ సులువుగా వంగుతుంది, అరుగుతుంది. దాని దృఢత్వం, అంటే వంగకుండా నిలిచే గుణం, 70 గిగాపాస్కల్స్. ఘనపరిమాణంలో నూటికి 20 వంతులు కార్బైడ్ చేరితే అది దాదాపు 100కు చేరుతుంది, బరువు మాత్రం స్వల్పంగానే పెరుగుతుంది.

తొలి విజయాలు పొడితో కాక పోగులతో వచ్చాయి. అమెరికా స్పేస్ షటిల్ నడిమి భాగంలో బోరాన్ పోగులు పొదిగిన అల్యూమినియం గొట్టాలు వాడి దాదాపు 145 కిలోల బరువు తగ్గించారు. అయితే బోరాన్ పోగును సన్నని టంగ్‌స్టన్ తీగ మీద వాయువు నుంచి పొరగా పేర్చి తయారు చేయాలి. ఆ ఖర్చు అంతరిక్ష సంస్థలు భరించగలవు, మోటారు కంపెనీలు భరించలేవు.

చౌక దారి వెతికినవారిలో ప్రదీప్ రోహత్గీ పేరు ముందుగా చెప్పాలి. 1960లలో అమెరికాలో ఆయన గ్రాఫైట్ పొడికి నికెల్ పూత వేసి కరిగిన అల్యూమినియంలో కలిపారు. తర్వాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎం.కె. సూరప్పతో కలిసి, మూసలోని లోహాన్ని సుడి తిరిగేలా కలియబెడుతూ పింగాణీ రేణువులను చేర్చే పద్ధతిపై 1981లో పరిశోధన ప్రచురించారు. మామూలు పోత కార్ఖానాకు అందుబాటులో ఉన్న ఈ పద్ధతికి దక్కాల్సినంత గుర్తింపు మన దగ్గర దక్కలేదని నా అభిప్రాయం. హైదరాబాద్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధనాశాల డీఎంఆర్‌ఎల్ మరో దారిలో, రెండు పొడులనూ కలిపి వేడిమీద నొక్కే పద్ధతిపై పనిచేసింది.

అంటించడం కుదిరాక అసలు చిక్కు బయటపడింది. ఎక్కువసేపు వేడిలో ఉంచితే కరిగిన లోహం సిలికాన్ కార్బైడ్‌తో చర్య జరిపి, రేణువు చుట్టూ పెళుసైన అల్యూమినియం కార్బైడ్ పొరను ఏర్పరుస్తుంది. తేమ తగిలితే ఆ పొర మీథేన్ వాయువు వదులుతూ శిథిలమవుతుంది. అందుకే ఆ చర్యను అడ్డుకోవడానికి పోత లోహంలో సిలికాన్‌ను 9 శాతం చుట్టుపక్కల ఉంచుతారు, లేదా పొడిని ముందే కాల్చి దానిపై ఆక్సైడ్ పొర కట్టనిస్తారు.

1983లో టయోటా డీజిల్ ఇంజిన్ పిస్టన్లలో రింగు గాడి దగ్గర పింగాణీ పోగులు వాడింది. 1996లో లోటస్ ఎలీస్ కారు ఇలాంటి పదార్థంతో చేసిన బ్రేకు డిస్కులతో వచ్చింది; సరఫరా ఆగిపోవడంతో కొద్ది ఏళ్లకే అది పోత ఇనుముకు మారింది. లేత్ దగ్గర నిలబడి చూస్తే ఈ పదార్థం ఎందుకు విస్తరించలేదో కొంత అర్థమవుతుంది: మామూలు స్టీలు పనిముట్టు అంచు కాసేపటికే మొద్దుబారిపోతుంది, వజ్రపు మొనే కావాలి.

ఇటీవలి అడుగులు రేణువు పరిమాణాన్ని తగ్గించాయి. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్ శాస్త్రవేత్తలు మెగ్నీషియంలో 14 శాతం సిలికాన్ కార్బైడ్ నానో రేణువులను ముద్దకట్టకుండా పరచగలిగారు. ఆ పనిని టన్నుల లెక్కన, భరించగల ధరలో చేయడం వేరే సమస్య. మరోవైపు 2024లో ఆమోదం పొందిన ఐరోపా సమాఖ్య వాహన కాలుష్య నిబంధనలు, యూరో 7, బ్రేకుల నుంచి రాలే ధూళికి తొలిసారి హద్దులు పెట్టడంతో, అరుగుదల తక్కువైన అల్యూమినియం డిస్కుల వైపు మళ్లీ చూపు తిరిగింది.

ఆ డిస్కుల కాలం తీరాక ఏమవుతుందన్నది ఇప్పుడే ఆలోచించాలి. పాత సామాను కొట్టులో అవి మామూలు అల్యూమినియం ముక్కల్లాగే కనిపిస్తాయి. సిలికాన్ తక్కువున్న లోహంతో కలిపి వాటిని కరిగిస్తే, మూసలో మళ్లీ ఆ పెళుసు కార్బైడ్ పొరే పుడుతుంది.