మూత్రంలో మంట: మాత్ర కన్నా ముందు డబ్బా

చెన్నైలో కత్తిరి ఎండలప్పుడు మూత్రంలో మంటతో బాధపడేవాళ్లు ఎక్కువవుతారు. ఒంట్లో నీరంతా చెమటకే పోతుంది. బయట బాత్రూం దొరకదని ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గించుకుంటారు. మంట మొదలవగానే వీధి చివర మెడికల్ షాపులో నాలుగు నార్‌ఫ్లాక్సాసిన్ మాత్రలో, సెఫిక్సిమ్ మాత్రలో (రెండూ యాంటీబయోటిక్‌లే) కత్తిరించి ఇప్పించుకోవడం మామూలైపోయింది. సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మితే రిజిస్టరులో రాయాలి.

ఆ మాత్రలు ఇప్పుడు చాలామందికి పనిచెయ్యవు. ఈ జబ్బుకు ఎక్కువగా కారణమయ్యే ఈ. కోలై అనే క్రిమి మన పేగుల్లో ఉండేదే. జలుబుకని, విరేచనాలకని వాడిన యాంటీబయోటిక్ పేగుల్లో లొంగేవాటిని చంపి, మొండివాటిని మిగులుస్తుంది. తర్వాత మూత్రనాళంలోకి పాకేవి అవే. చాలావాటి దగ్గర ఈఎస్‌బీఎల్ ఎంజైములుంటాయి, సెఫిక్సిమ్‌ని విరిచేస్తాయి. ఆ ఎంజైము జన్యువున్న ప్లాస్మిడ్‌లోనే (ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి పాకే చిన్న డీఎన్ఏ ముక్క) తరచు ఇతర మందులను తట్టుకునే జన్యువులూ ఉంటాయి.

మొదటిసారి వచ్చిన మామూలు మంటకు డాక్టరు కల్చర్ (మూత్రంలోని క్రిమిని ల్యాబులో పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) లేకుండా మందు రాయొచ్చు. మళ్లీ మళ్లీ వస్తున్నా, గర్భిణులకైనా, మగవాళ్లకైనా, జ్వరమున్నా కల్చర్ తప్పదు. అది కూడా మొదటి మాత్ర పడకముందే; ఒక్క మాత్ర పడినా రిపోర్టులో ‘నో గ్రోత్’ (క్రిములేవీ పెరగలేదు) అని రావచ్చు. ల్యాబువాళ్లిచ్చిన స్టెరైల్ డబ్బానే వాడాలి. ముందు నీళ్లతో కడుక్కుని, మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. రెండు గంటల్లో ల్యాబుకి చేరాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండలో స్కూటర్ డిక్కీలో ఉంచితే క్రిములు డబ్బాలోనే పెరుగుతాయి, లేని ఇన్‌ఫెక్షన్ కనిపిస్తుంది. మూడు రకాల క్రిములు కలిసి వస్తే సాధారణంగా శాంపిల్ పాడైందని అర్థం; మళ్లీ ఇవ్వాలి. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది.

మూత్రాశయం వరకే ఉన్న ఇన్‌ఫెక్షన్‌కి 1950ల నాటి నైట్రోఫ్యురాంటోయిన్ ఇప్పటికీ మంచి మందు. క్రిమిని ఒకేసారి చాలాచోట్ల దెబ్బతీస్తుంది కాబట్టి దాన్ని తట్టుకోవడం క్రిమికి కష్టం. నిదానంగా కరిగే రకమైతే 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు, తిన్నాక వేసుకోవాలి. మూత్రం ముదురు పసుపుగానో గోధుమరంగులోనో వస్తే కంగారు పడక్కర్లేదు. మంట తగ్గడానికిచ్చే సిట్రేట్ సిరప్‌ను దీంతో కలపొద్దు. ఆ సిరప్ మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది; మూత్రం క్షారమైతే నైట్రోఫ్యురాంటోయిన్ బలం తగ్గుతుంది, ఈ సంగతి చాలామందికి చెప్పేవాళ్లుండరు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు, జి6పీడీ లోపమున్నవాళ్లకు (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువున్నవాళ్లు), ప్రసవం దగ్గరపడినవాళ్లకు ఇది పనికిరాదు. ఇంకో దారి, ఫాస్ఫోమైసిన్ పొడి: 3 గ్రాములు నీళ్లలో కలిపి ఒక్కసారే.

చలిజ్వరం, వాంతులు, నడుం పక్కన నొప్పి ఉంటే ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి చేరిందేమో. ఈ రెండు మందులూ అక్కడ చాలవు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏ బాధా లేని పెద్దవాళ్ల మూత్రంలో క్రిములు కనిపించినంత మాత్రాన మందు అక్కర్లేదు. గర్భిణులకు మాత్రం ఇవ్వాలి.