సన్నబడ్డాక ఇంకా దిగులేమిటట?

పోయిన వారం కూడా అదే మాట. ఛత్రపురం నుంచి ఒకాయన భార్యని వెంటబెట్టుకొచ్చి, కుర్చీలో పూర్తిగా కూర్చోకముందే మొదలుపెట్టాడు. "వైజాగ్ తీసుకెళ్లి స్లీవ్ చేయించాం మేడమ్. 38 కేజీలు తగ్గింది. లక్షలు పోశాం. ఇంకా ఏటి ఏడుపో మీరే అడగండి." ఆవిడ నా టేబుల్ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంది. అది రెండు నెలల కిందటి పేజీ, నేను తిప్పడం మరచిపోయాను.

ఒడిశాలోని బరంపురంలో కౌన్సెలింగ్ చేస్తూ, బేరియాట్రిక్ సర్జరీ, అంటే బరువు తగ్గడానికి కడుపుకి చేసే ఆపరేషన్ (స్లీవ్ అందులో ఒక రకం) అయినవాళ్ల గ్రూప్ నడుపుతూ నేను ఎక్కువసార్లు విన్నది ఈ ప్రశ్నే. ఇక్కడ చెప్పే మనుషుల వివరాలు మార్చాను. మాటలు మాత్రం వాళ్లవే.

అపోహ: బరువు పోతే బెంగా పోతుంది.

మొదటి ఏడాది చాలామందికి నిజంగానే మనసు తేలికపడుతుంది. మోకాళ్ల నొప్పి తగ్గుతుంది, షుగర్ మందులు తగ్గుతాయి, ఎదురైనవాళ్లంతా మెచ్చుకుంటారు. కానీ బరువు తగ్గేదంతా దాదాపుగా మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే. ఆ తర్వాత ముల్లు ఒకచోట ఆగుతుంది, కొందరికి కాస్త వెనక్కీ వస్తుంది. మెచ్చుకోళ్లు అంతకుముందే ఆగిపోయుంటాయి. కొంతమందికి దిగులు తిరిగొచ్చేది సరిగ్గా ఆ రెండో ఏటో మూడో ఏటో. అప్పటికి సర్జన్ దగ్గరికి వెళ్లడం మానేసి ఉంటారు. సర్జరీ తర్వాతి కాలంలో తమను తాము గాయపరచుకోవడం, ఆత్మహత్యాయత్నాలు కొందరిలో పెరిగినట్టు ఒకటి కంటే ఎక్కువ పరిశీలనల్లోనే కనిపించింది. అందుకే ఈ అపోహ మీద నాకింత కోపం.

స్లీవ్‌లో కడుపులో మూడొంతుల పైనే తీసేస్తారు. అత్తగారు ఒక మాటంటే రాత్రి పదకొండింటికి డబ్బా మూత తీసే అలవాటు ఉండేది కడుపులో కాదు. తిండి ఆసరా పోయింది, ఆ మాట మాత్రం అలాగే ఉంది.

దీనికి తోడు మాత్రలు ఆపేయడం. ఛత్రపురం ఆవిడ చేసింది అదే. సన్నబడ్డాక ఇక అవసరం లేదనుకుని డిప్రెషన్ మాత్ర తనంతట తనే మానేసింది. ఇలా ఆపకండి, దయచేసి. బైపాస్ (గుండెది కాదు, కడుపుని చిన్నది చేసి పేగుకి కలిపే ఇంకో రకం సర్జరీ) అయినవాళ్లలో మాత్ర ఒంటికి పట్టే తీరే మారొచ్చు, ముఖ్యంగా నెమ్మదిగా కరిగే రకాలు. రకమో డోసో మార్చాల్సి రావచ్చు. అది మీకు మందు రాసిన సైకియాట్రిస్టు చూసుకోవాల్సిన పని. బీ12 విటమిన్ పరీక్ష కూడా చేయించుకోండి. అది తగ్గినా నీరసం, మతిమరుపు, దిగులు వస్తాయి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే తర్వాతి గ్రూప్ దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇందులో నా పాపమూ ఉంది. కొత్తలో ఒకమ్మాయి గదిలోకి రాగానే "అబ్బ, ఎంత బాగున్నావో!" అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను. ఆరు నెలలకి గ్రూప్‌లో చెప్పింది: "ఆ రోజు మీకు చెప్పాలనే వచ్చాను మేడమ్. మీరూ అలా అనేసరికి ఇంకేం చెప్తాం." ఇప్పుడు ఎవరొచ్చినా ముందు నిద్ర ఎలా ఉందని అడుగుతాను.

అపోహ: గ్రూప్ అంటే డైట్ క్లాసు.

ప్రొటీన్ పౌడర్ సంగతి డైటీషియన్ చెబుతుంది. గ్రూప్‌లో మేం ఎక్కువసేపు మాట్లాడుకునేది పెళ్లి భోజనాల గురించి. నవ్వకండి. మన దగ్గర మనిషికీ మనిషికీ చుట్టరికం కలిపేదే విస్తరి. రెండు ముద్దలకి లేచిపోతే వియ్యపురాలు అలుగుతుంది. సర్జరీ అని చెబితే "బద్ధకం, నోరు కట్టుకోలేక కోయించుకుంది" అంటారు, చెప్పకపోతే "ఏటమ్మా ఇలా చిక్కిపోనావు, క్షయ గానీ కాదు కదా" అంటారు. ఇదంతా ఎందుకని శుభకార్యాలకే వెళ్లడం మానేస్తారు. మొదట పెళ్లిళ్లు, తర్వాత పేరంటాలు, ఆఖరికి ఫోన్లు. ఒంటరితనం అలా మొదలవుతుంది. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి ఊరు ఊరంతా వీధిలో ఉంటే తలుపేసుకుని పడుకున్నానని ఒకావిడ చెప్పింది.

క్షయ అంటే గుర్తొచ్చింది. గ్రూప్ వైద్యానికి తొలి ఉదాహరణగా చెప్పేది 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు బీద క్షయరోగులను వారం వారం ఒకచోట కూర్చోబెట్టడం. వాళ్లకి బరువు పెరిగితే పండగ! తోటి రోగులను చూసి ధైర్యం తెచ్చుకోవడం కూడా మందులా పనిచేస్తోందని ఆయన గమనించాడు.

నేను చెబితే సలహా, అదే అవస్థ పడినావిడ చెబితే దారి. విస్తరి ముందు కూర్చోలేక ఏడ్చిన మనిషికి ఒక అప్పడాల వ్యాపారం చేసే పెద్దావిడ చెప్పింది: "కూర్చోకమ్మా. గరిటె పట్టుకో. వడ్డించేవాళ్లని ఎవరూ తినమనరు." ఇరవయ్యేళ్లుగా పుస్తకాలు తిరగేస్తున్నాను, నాకు తట్టలేదు.

అపోహ: అందరి ఏడుపూ వింటే మన దిగులు ఇంకా ముదురుతుంది.

మొదటి రెండు వారాలు బరువుగా ఉంటుంది, నిజమే. ఎనిమిది, పదిమంది, గంటన్నర. మూడో వారానికి ఎవరో ఒకరు ఒడియాలో "మన భలొ నాహి" (మనసు బాగోలేదు) అంటే పక్కన ఇద్దరు తల ఊపుతారు. నాకొక్కదానికే కాదన్నమాట అని అప్పుడు తెలుస్తుంది. మరీ తీవ్రంగా ఉన్నవాళ్లను మాత్రం ముందు విడిగా చూస్తాం, ఆ తర్వాతే గ్రూప్.

అపోహ: తిండి మానేశాం కాబట్టి ఒక పెగ్గు వేసుకుంటే ఏం కాదు.

అవుతుంది. బైపాస్ తర్వాత మద్యం త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. 2012లో వచ్చిన ఒక అమెరికా పరిశీలనలో సర్జరీకి ముందు 7.6 శాతం మందిలో ఉన్న మద్యం సమస్య రెండో ఏటికి 9.6 శాతమైంది. మగవాళ్లూ, ఇది మీ కోసమే రాశాను. భార్యలను తీసుకొచ్చి బయట బెంచీ మీద కూర్చునే బదులు మీరూ లోపలికి రండి.

అపోహ: చిన్న ఊరు, గ్రూప్‌కి వెళ్తే అందరికీ తెలిసిపోతుంది.

ఈ భయాన్ని మాత్రం నేను తీసిపారేయను. బరంపురంలో ఎవరు ఎవరికి చుట్టమో చెప్పలేం. చికిత్స చేసేవాళ్లం గుట్టు కాపాడాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. గ్రూప్‌లో మిగతావాళ్లని పట్టి ఉంచేది ఒకరికొకరు ఇచ్చుకున్న మాటే. అందుకే మొదటి రోజే ఒప్పందం: బయట ఎదురుపడితే అవతలివాళ్లు పలకరించేదాకా మనం పలకరించం. నాకూ అదే రూలు.

మొన్న మాఘంలో దగ్గరివాళ్ల పెళ్లిలో పంక్తిలో కూర్చున్నాను. సాంబారు బకెట్టుతో వచ్చింది, అప్పడాలావిడ గరిటె పట్టుకోమన్న మనిషే. నా విస్తరిలో రెండు గరిటెలు వేసి, "మారు వెయ్యమంటారా అండీ" అంది.

"చాలండీ" అన్నాను, ఎప్పుడూ చూడని మనిషితో అన్నట్టు. పక్క విస్తరికి వెళ్లిపోయింది.