స్టౌట్‌ను గడ్డకట్టించకండి: అపోహలు, వాస్తవాలు

అపోహ: బీరు ఎంత చల్లగా ఉంటే అంత రుచి.

లాగర్‌కి, అంటే మామూలుగా దొరికే లేత బంగారు రంగు బీరుకి, కొంతవరకూ సరే. స్టౌట్ అనే నల్ల బీరుని మాత్రం ఈ మాట చెడగొట్టినంతగా ఇంకేదీ చెడగొట్టలేదు. నేను బీరు తయారుచేసేవాణ్ణి, వారాంతాల్లో బీరు పోసే ట్యాప్ దగ్గర కూడా నిలబడతాను. "ఫ్రీజర్‌లో పెట్టిన గ్లాసు ఇవ్వండి" అన్న మాట వినని రోజు లేదు.

స్టౌట్‌లో వేసే బార్లీని కాఫీ గింజల్లాగే 200 డిగ్రీలు దాటిన వేడిలో నల్లగా వేయిస్తాం. కాఫీ, డార్క్ చాక్లెట్, కాస్త మాడిన రొట్టె వాసనలు అక్కడి నుంచే వస్తాయి. చాలా స్టౌట్లలో కాఫీ వేయనే వేయం. ఆ వాసన గ్లాసులోంచి లేచి ముక్కుకి అందాలి. మరీ చల్లగా ఉంటే అది లేవదు. నాలుక మొద్దుబారి మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపీ తెలియదు. ఇక మిగిలేది చేదు, గ్యాస్ చురుకు.

ఒకాయన మొదటిసారి తాగి, "చేదు నీళ్లలా ఉంది, నాకు పడదేమో" అని దిగులుగా గ్లాసు పక్కన పెట్టేశారు. ఈలోగా ఫోన్ వచ్చి బయటికి వెళ్లారు. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి ఒక గుక్క తాగి, "గ్లాసు మార్చారా?" అని అడిగారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

ఫ్రిజ్‌లోంచి తీశాక పదిహేను నిమిషాలు ఆగండి. మామూలు స్టౌట్‌కి 7 నుంచి 10 డిగ్రీలు, ఇంపీరియల్ అనే ఘాటైన స్టౌట్‌కి 12, 13 బాగుంటాయి. సీసాతో తాగకండి, గ్లాసులో పోయండి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అంచున కెంపు రంగు కనిపిస్తుంది. ముందు వాసన చూడండి. గుక్కని నోటినిండా తిప్పి మింగి, ముక్కుతో గాలి వదలండి. చాక్లెట్ వాసన అప్పుడు మళ్లీ వస్తుంది. నా మటుకు నాకు స్టౌట్ అంటే ఆ క్షణమే.

అపోహ: నల్లగా ఉంది కాబట్టి కిక్కెక్కువ.

రంగు వేయింపుది, ఆల్కహాల్‌ది కాదు. ఐర్లండ్‌ స్టౌట్ గిన్నిస్ డ్రాట్‌లో 4.2 శాతమే, చాలా లాగర్ల కన్నా తక్కువ. ఇంపీరియల్ మాత్రం 8 దాటుతుంది. భయపడేవాళ్లు లేబుల్ చూసుకుంటే చాలు.

అపోహ: మీగడలాంటి నురగలో పాలు కలుపుతారు.

లేదు, అది నైట్రోజన్ పని. బుడగలు మరీ చిన్నవి కాబట్టి నురగ అంత మెత్తగా ఉంటుంది.

అపోహ: స్టౌట్ తాగితే ఒంట్లో రక్తం పెరుగుతుంది.

1929లో గిన్నిస్ ప్రకటనల్లో "గిన్నిస్ మీకు మంచిది" అని వేశారు. ఆ పుకారు ఇంకా చావలేదు. ఇందులో ఉండే ఐరన్ నామమాత్రం. గర్భిణికి ఒక గ్లాసు మంచిదేనని ఎవరు చెప్పినా వినకండి, ఆ సమయంలో ఒక్క గుక్క కూడా వద్దు. రక్తం తక్కువైతే డాక్టర్ దగ్గరికే వెళ్లండి.