లష్కర్ కరెంటు లెక్క

సికింద్రాబాద్‌ను పాతవాళ్లు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. అంటే దండు. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యానికి వచ్చిన కంపెనీ సైన్యం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన దిగింది. 1806లో ఆ చోటుకు మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. సైనిక భవనాల్లో కరెంటు ఖర్చు ఎలా తగ్గించాలన్న ఇప్పటి ప్రశ్నకు ఇంత వెనక్కి వెళ్లడం ఎందుకంటే, అప్పుడు కట్టినవాళ్లకు కరెంటే లేదు.

1863లో బ్రిటిష్ రాయల్ కమిషన్ ఇండియాలోని బ్యారక్‌ల అనారోగ్య స్థితిని ఎండగట్టింది. ఆ తర్వాత ఎత్తైన కప్పులు, గాలి ఆడే కిటికీలు, చుట్టూ వరండాలు పెరిగాయి. ఎండాకాలంలో తలుపులకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. దక్కన్ పొడి ఎండకు అది భేషైన ఏర్పాటు. పైకప్పుకు వేలాడే పంఖాను తాడుతో లాగే మనిషి కష్టం మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు.

1923లో మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్, అదే ఎంఈఎస్, ఏర్పడింది. సైనిక భవనాలు కట్టడం, వాటి కరెంటు, నీళ్లు చూడటం దాని పని. ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, గీజర్లు, చివరికి ఏసీలు వచ్చాయి. గాలి బయటికి పోవడానికి పెట్టిన వెంటిలేటర్లున్న గదిలో ఏసీ బిగిస్తే, చల్లదనం కూడా ఆ దారినే పోతుంది.

1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా 1978 చట్టంతో సైనిక స్థావరాలు సహా ఫెడరల్ భవనాలకు జీవితకాల ఖర్చు లెక్కను తెచ్చింది. అంటే కొన్న ధర ఒక్కటే కాదు, వాడినన్నాళ్లూ కట్టే బిల్లు కూడా. మన ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది, స్టార్ రేటింగ్ 2006లో మొదలైంది. 2007లో వచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి ప్రధానంగా కొత్త కట్టడాల కోసమే. పాత బ్యారక్‌ల సంగతి అలాగే ఉండిపోయింది. ప్రభుత్వ శాఖలు స్టార్ రేటింగ్ చూసి కొనాలని కేంద్రం 2017 ఆర్థిక నిబంధనలు చెప్పాయి. అయినా టెండర్ అనగానే అందరి కళ్లూ తక్కువ ధర మీదే ఉంటాయి.

ఫ్యాన్ సంగతే చూడండి. మామూలుది సుమారు 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ రకం 30 వాట్లు. ఏడాదికి 3,000 గంటలు తిరిగితే 135 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 8 రూపాయలనుకుంటే 1,080 రూపాయలు. అదనంగా పెట్టిన ధర 1,500 అయినా ఏడాదిన్నరలోపే వసూలు. అదే ఫ్యాన్ ఏడాదికి 300 గంటలే తిరిగే గెస్ట్ రూమ్‌లో బిగిస్తే దాదాపు 14 ఏళ్లు పడుతుంది.

అందుకే నా దృష్టిలో ముందు కొనాల్సింది ఫ్యాన్లు కాదు, మీటర్లు. క్యాంపస్ మొత్తానికి గేటు దగ్గర ఒకే మీటరుంటే వంటశాల ఎంత వాడింది, ఆఫీసు ఎంత వాడింది, రాత్రంతా వెలిగిన గోదాము ఎంత తిన్నది ఎవరు చెప్పగలరు?