ఖాళీ కేసు మెరవాల్సిన పనిలేదు: ఇత్తడి శుభ్రంపై అపోహలు - వాస్తవాలు

మొన్న షూటింగ్ రేంజ్‌లో ఒకాయన నా బెంచీ దగ్గరికి వచ్చి డబ్బా మూత తీసి చూపించారు. లోపల రెండు వందల దాకా .308 రైఫిల్ కేసులు, అంటే తూటా కాల్చాక మిగిలే ఇత్తడి తొడుగులు, ఒక్కోటీ ఇప్పుడే కొన్న నగలా మెరిసిపోతోంది. "టంబ్లర్ లేకుండానే సార్, ఇంట్లో ఉన్నవాటితోనే చేశా" అన్నారు సంబరంగా. టంబ్లర్ అంటే కేసులను పొడిలో వేసి తిప్పి శుభ్రం చేసే యంత్రం. దేంతో చేశారని అడిగితే, అమ్మోనియా కలిసిన అద్దాల ద్రవంలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఇత్తడి పాలిష్‌తో ఒక్కోదాన్నీ రుద్దారట. రెండు రోజుల కష్టం. నాకు మనసు చివుక్కుమంది. ఆయన్ని ఏమనగలను? ఎవరో చెప్పారు, పాపం నమ్మారు. ఇలాంటి డబ్బాతో నా దగ్గరికి వచ్చిన మొదటి మనిషీ ఆయన కాదు, ఏటా నలుగురైదుగురు వస్తూనే ఉంటారు, అందుకే ఒకేచోట రాసి పెడుతున్నా.

లైసెన్సు ఉండి, తామున్న చోట చట్టం రీలోడింగ్‌కు, అంటే ఖాళీ కేసులో మళ్లీ ప్రైమర్, మందు, బుల్లెట్ పెట్టి తూటా చేసుకోవడానికి, ఒప్పుకునేవాళ్ల కోసమే ఇది. ప్రైమర్ అంటే మందును అంటించే చిన్న టోపీ, అది కూర్చునే అడుగు గుంట ప్రైమర్ పాకెట్, కాలిన ప్రైమర్‌ను తీయడం డీక్యాపింగ్, ఉబ్బిన కేసును డై అనే అచ్చులోకి దింపి అసలు కొలతకు తేవడం రీసైజింగ్; ఇంతకు మించి వీటి వివరాల్లోకి వెళ్లడం లేదు.

అపోహ: కేసు ఎంత మెరిస్తే అంత మంచిది

నష్టమంతా ఇక్కడే మొదలవుతుంది. మెరుపు కావాలనుకున్నవాడికి సబ్బునీళ్లు చాలవు, ఇంకా ఘాటైనది వెతుకుతాడు, పది నిమిషాలు సరిపోవు, రాత్రంతా ఉంచుతాడు. అసలు కేసు ఎందుకు కడుగుతాం? ఇసుక, మట్టి అంటుకున్న కేసును రీసైజ్ చేస్తే డై లోపల గీత పడుతుంది, ఆ గీత ఆ తర్వాత వచ్చే ప్రతి కేసు మీదా పడుతుంది, అది ఒకటి. రెండోది, మసి పోతే తప్ప మెడ దగ్గర సన్నటి చీలిక కంటికి కనపడదు. అంతే. ఈ రెండింటికీ మెరుపుతో సంబంధం లేదు. ముదురు గోధుమ రంగులోకి తిరిగిన పాత కేసు కూడా శుభ్రంగా ఉండి, చీలిక లేకుండా ఉంటే కొత్తదానిలాగే పనిచేస్తుంది. గాలి తగిలి ఏర్పడే ఆ పల్చటి పొర లోహాన్ని తినేది కాదు.

నమ్మకం కలగకపోతే సైన్యానికి తయారయ్యే తూటా ఒకటి చేతిలోకి తీసుకుని మెడ కింద చూడండి. నీలం, గోధుమ కలిసిన మచ్చ ఉంటుంది. ఫ్యాక్టరీలో మెడను వేడిచేసి మెత్తబరిచినప్పుడు వచ్చిన మచ్చ అది, దాన్ని తుడవకుండా కావాలనే వదిలేస్తారు. ఇంకో సంగతి, మెడ లోపల పల్చగా మిగిలే మసి బుల్లెట్ జారడానికి కాస్త నూనెలా పనికొస్తుంది. మెడ లోపల పూర్తిగా గీకేసి అద్దంలా చేస్తే బుల్లెట్ దిగేటప్పుడు బిర్రుగా పట్టుకుంటుంది, ఒక్కో రౌండుకు ఒక్కో బలం కావాల్సి వస్తుంది. మెరిసే కేసుతో గురి బాగా కుదురుతుందని చెప్పేవాళ్లను నేను ఇంక ఓపిగ్గా వినలేను. కాల్చి చూపించమనండి.

అపోహ: అమ్మోనియా ఉన్న పాలిష్ ఇత్తడికే తయారుచేశారు కదా, కేసుకేం కాదు

ఇది ఒక్కటి గుర్తుంచుకుంటే మిగతాది చదవకపోయినా నేనేమీ అనుకోను. గుమ్మం మీది ఇత్తడి గొళ్లేనికి ఆ పాలిష్ పనికొస్తుంది, ఎందుకంటే గొళ్లెం లోపల 60,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి పుట్టదు. .308కి ప్రమాణంగా పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 62,000 పీఎస్ఐ, .223కి 55,000, చిన్నదనుకునే 9 ఎంఎంకి కూడా 35,000. మన ముఖానికి, చేతులకు అంత దగ్గరగా ఆ ఒత్తిడిని ఆపి ఉంచేది పల్చటి ఇత్తడి గోడే.

కేసుల ఇత్తడిలో దాదాపు 70 శాతం రాగి, 30 శాతం జింకు. చిన్న బిళ్లను చల్లగా ఉండగానే సాగదీసి, సాగదీసి కేసు చేస్తారు కాబట్టి లోహం లోపల బిగువు ఉండిపోతుంది. పైగా బుల్లెట్ బిగించాక మెడ రాత్రీపగలూ సాగినట్టే ఉంటుంది. ఇలా బిగువు మీదున్న ఇత్తడికి తేమ, అమ్మోనియా తోడైతే లోహపు రేణువుల మధ్య సందుల్లో పగుళ్లు పాకుతాయి. ఆ రోజే కనపడవు. కేసు తళతళలాడుతూనే ఉంటుంది. రౌండ్లు చేసి పెట్టెలో పెట్టుకున్న కొన్ని నెలలకు తీసి చూస్తే మెడ నిలువునా చీలి ఉంటుంది, లేదా కాల్చేటప్పుడు చీలుతుంది.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన భయం కాదు. బ్రిటిష్ పాలనలో భారతదేశంలోని సైన్యానికి సరిగ్గా ఇదే తలనొప్పి వచ్చింది. వానాకాలం వస్తే గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాల కేసులు ఎవరూ ముట్టుకోకుండానే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఆవిరే కారణమని 1921లో గానీ తేల్చలేకపోయారు. దీన్నే సీజన్ క్రాకింగ్ అంటారు. ఆవిరి తగిలితేనే అలా అయితే, రాత్రంతా ద్రవంలో ముంచి ఉంచిన కేసు సంగతి మీరే ఆలోచించండి. "బాగా కడిగేశాను కదా" అంటారు. కడిగితే పోయేది అంటుకున్న అమ్మోనియా, అప్పటికే మొదలైన పగులు కాదు. సీసా మీద అమ్మోనియా అని రాసి ఉన్నా, మూత తీయగానే ముక్కు మండినా, అది కేసుల దగ్గరికి రాకూడదు.

అపోహ: వెనిగర్, సిట్రిక్ యాసిడ్ ఎంతసేపు ఉంచితే అంత శుభ్రం

సిట్రిక్ యాసిడ్, అంటే నిమ్మ ఉప్పు, నిజంగా మంచిదే. ఖర్చు తక్కువ, చేయడం తేలిక, నేనూ ఏళ్లుగా వాడుతున్నా. కానీ అది నిమిషాల పని, గంటల పని కాదు.

నా పద్ధతి ఇది. ముందు ప్రైమర్లు తీసేస్తాను. ఈ పనికే పెట్టుకున్న పాత ప్లాస్టిక్ డబ్బాలో లీటరు గోరువెచ్చటి నీళ్లు, ఒక టీస్పూన్ నిమ్మ ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. కేసులు వేసి, మూత పెట్టి, అటూ ఇటూ ఊపుతూ ఉంటాను. రెండు నిమిషాలకే నీళ్లు బూడిద రంగులోకి, ఆ వెంటనే మసినల్లగా మారతాయి. అయిదు నిమిషాలకు ఒక కేసు తీసి చూస్తాను, పసుపు తేలితే చాలు, తీసేస్తాను. మొండి మసి ఉంటే పది నిమిషాలు. అంతకు మించి ఉంచను, నీళ్లకు నీలం-ఆకుపచ్చ ఛాయ వస్తే రాగి కరుగుతోందని అర్థం. తర్వాత మంచినీళ్లతో నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. కడిగే నీళ్లలో ఒకసారి చెంచాడు వంటసోడా వేస్తే మిగిలిన పులుపు కూడా చచ్చిపోతుంది. సోడాను నిమ్మ ఉప్పు నీళ్లలోనే కలిపేస్తే మాత్రం రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, నురగ తప్ప ఏమీ మిగలదు.

కొత్తలో నేను వెనిగర్‌లో ఉప్పు కలిపి 150 కేసులు వేశాను. ఫోన్ వచ్చింది, మాటల్లో పడి మర్చిపోయాను, మళ్లీ గుర్తొచ్చింది మర్నాడు పొద్దున్న. కేసులన్నీ గులాబీ రంగులో ఉన్నాయి, కొత్త రాగి తీగలాగా. నీళ్లు నీలంగా ఉన్నాయి. అలా రంగు మారడమంటే ఇత్తడిలోంచి జింకు వెళ్లిపోయి పైన రాగి మిగలడం. రంగు పోయేదాకా రుద్దాను, పోయింది కూడా, కానీ లోపల ఎంత లోతు దాకా జింకు పోయిందో కంటితో చెప్పలేం. 150 కేసులనూ పారేశాను, బాధేసింది. వెనిగర్‌లో ఉప్పు కలపమని చెప్పే చిట్కా ఎక్కడ కనపడినా ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఉప్పు ఆ తినివేతను ఇంకా ఎక్కువ చేస్తుంది.

ఇక్కడ భయపడేవాళ్లకు ఒక మాట. పది నిమిషాల నిమ్మ ఉప్పు స్నానం తర్వాత అక్కడక్కడ లేత గులాబీ ఛాయ కనిపిస్తే టెన్షన్ పడకండి, గుడ్డతో తుడిస్తే పోయే పైపై రంగు అది. నాకు ఇలాంటి ఫొటోలు పంపి "మొత్తం పాడైపోయాయా" అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, చాలాసార్లు ఏమీ కాలేదు. గంటల తరబడి నానినవైతేనే వదులుకోండి. ఆ స్నానంలోకి ఇనుప గిన్నె గానీ ఇనుప చెంచా గానీ రానివ్వకండి, ఇనుము తగిలినా కేసుల మీద రాగి రంగు ఎక్కుతుంది.

అపోహ: పైన తడి ఆరితే కేసు ఆరినట్టే

కాదు. నీటిచుక్క ఫ్లాష్ హోల్ (ప్రైమర్ నిప్పు మందుకు చేరే సన్నటి రంధ్రం) దగ్గర, ప్రైమర్ పాకెట్ మూలలో దాక్కుంటుంది. తడి తగిలిన తుపాకీ మందు అసలు అంటుకోకపోవచ్చు, ఆలస్యంగా అంటుకోవచ్చు, లేదా సగం బలంతో కాలి బుల్లెట్‌ను బ్యారెల్ మధ్యలోనే వదిలేయొచ్చు. ఆ సంగతి గమనించకుండా ఇంకో రౌండు కాలిస్తే బ్యారెల్ పేలిపోవచ్చు. తువ్వాలులో వేసి కుదిపి, మూతి కిందికి పెట్టి, ఎండలోనో ఫ్యాన్ కిందో రెండు మూడు రోజులు వదిలేయండి. తొందరేముంది? వంట ఓవెన్‌లో పెట్టొద్దు. 250 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇత్తడి మెత్తబడటం మొదలవుతుంది, కేసు అడుగు భాగం ఎప్పటికీ గట్టిగానే ఉండాలి, ఇంటి ఓవెన్ ముల్లు చూపించే వేడిని నమ్మలేం. పైగా కాలిన కేసులో సీసం మిగులుతుంది, అన్నం వండుకునే చోట అది ఎందుకు?

అపోహ: టంబ్లర్ దుమ్ము మామూలు దుమ్మే

అమ్మోనియా తర్వాత నాకు బాగా కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే దీని దెబ్బ పిల్లలకు తగులుతుంది. చాలా ప్రైమర్లలో లెడ్ స్టిఫ్నేట్ ఉంటుంది, కాలాక ఆ సీసం మసితోపాటు కేసు లోపల మిగులుతుంది. వాల్‌నట్ పెంకుల పొడితోనో మొక్కజొన్న బెండు పొడితోనో టంబ్లర్ తిప్పి, మూత తీసి, జల్లెడ పడితే లేచే ఆ బూడిద రంగు దుమ్ములో ఉండేది అదే. హాల్లో కూర్చుని టీవీ చూస్తూ జల్లెడ పట్టేవాళ్లను చూశాను, పక్కనే పాకే పిల్లవాడు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫర్వాలేదని చెప్పగల హద్దే లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో తన సూచిక స్థాయిని డెసిలీటరుకు 5 మైక్రోగ్రాముల నుంచి 3.5కి తగ్గించింది.

టంబ్లర్ తిప్పేది ఆరుబయట, మూత పెట్టి. జల్లెడ పట్టేదీ బయటే, మాస్కుతో. పొడిలో తడిపిన కాగితం ముక్కలు నాలుగు వేస్తే దుమ్ము వాటికి అంటుకుంటుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగి, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి. తడిగా కడిగే పద్ధతి నాకు నచ్చేది అందుకే, దుమ్ము లేవదు. కానీ ఆ నల్లటి నీళ్లలోనూ సీసం ఉంటుంది, వంటింటి సింకులో, వంట గిన్నెల్లో ఈ పని వద్దు, కూరగాయల మొక్కలకు ఆ నీళ్లు అసలే పోయొద్దు. ఇప్పటిదాకా ఇంట్లోనే చేశానే అని కంగారు పడుతున్నవాళ్లు గదిని తడిగుడ్డతో తుడిచి, ఇంటిల్లిపాదీ ఒకసారి సీసం కోసం రక్తపరీక్ష చేయించుకోండి. చిన్న పరీక్ష, గుండెల మీద బరువు దిగుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తా. బ్లీచ్ వాడొద్దు, అది ఇత్తడిని తింటుంది, అమ్మోనియాతో గానీ వెనిగర్, నిమ్మ ఉప్పులతో గానీ కలిస్తే విషవాయువు వస్తుంది. స్టీల్ పీచుతో రుద్దొద్దు, గీతలు పడతాయి. బట్టల మిషన్లో వేయొద్దు, కారణం పైన చెప్పిన సీసమే. కాలని ప్రైమర్ ఉన్న కేసును నీళ్లలో వేస్తే ప్రైమర్ చచ్చిందో బతికుందో తెలియకుండా పోతుంది, ఆ పని చేయకండి. స్టీల్ పిన్నులతో కడిగేవాళ్లు ఒక్కో కేసునూ తిరగేసి, తట్టి, లోపలికి లైటు వేసి చూడాలి, మెడలో ఇరుక్కున్న పిన్నుతో మందు పోస్తే అంతే సంగతులు.

ఆ డబ్బా తెచ్చినాయన చాలాసేపు బతిమాలారు, "ఒక్కసారైనా కాల్చుకోవచ్చా సార్" అని. వద్దన్నాను. ఇద్దరం కూర్చుని కటింగ్ ప్లేయర్‌తో ఒక్కో కేసు మూతీ నొక్కేసి తుక్కులో వేశాం, మళ్లీ ఎవరూ ఏరుకుని వాడకుండా. రెండు వారాల తర్వాత ఆయనే ఇంకో వంద కేసులు తెచ్చారు, నిమ్మ ఉప్పుతో కడిగినవి. మెరుపు లేదు, మట్టి పసుపు. కొన వంచిన సన్నటి తీగను ఒక్కో కేసులోకి దింపి, అడుగు నుంచి పైకి లాగుతూ గోడను తడమడం చూపించాను. ముప్ఫయ్యో నలభయ్యో అయ్యాక ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఇక్కడ తగులుతోంది సార్" అన్నారు. అడుగుకు కాస్త పైన, లోపలివైపు, చుట్టూ ఒక సన్నటి గాడి. బయట అదే ఎత్తులో లేత మెరుపు గీత కనపడీ కనపడనట్టు ఉంది. కాలిస్తే అక్కడే రెండు ముక్కలయ్యే కేసు. సాయంత్రానికి అలాంటివి ఇంకో రెండు దొరికాయి.